మంట అనని మనిషి

మా మేనత్తని తలుచుకుంటే ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది. ఎనభైల్లో ఆవిడ చిలకలూరిపేట దగ్గర మిరప కల్లాల్లో తొడిమలు తీయడానికి వెళ్ళేది. సాయంత్రానికి వేళ్ళు నిప్పుల్లా మండేవి. అయినా కూలికొచ్చిన ఆడవాళ్ళెవరూ మంట అనే మాట ఎత్తేవాళ్ళు కాదు. ఒకరంటే అందరికీ గుర్తొచ్చి పని సాగదని వాళ్ళ కట్టుబాటు. ముఖాన జుట్టు పడితే, వేళ్ళ కారం కళ్ళకి తగలకుండా అత్త మోచేత్తో తోసుకునేది. పని లేని రోజుల్లో కూడా మోచేత్తోనే.

ఒక ఏడాది ఆవిడకి కడుపునొప్పి పట్టుకుంది. బతిమాలి పేటలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. బస్సులో దారి పొడుగునా కొంగు ఉండచుట్టి పొట్టకి అదుముకుని కూర్చుంది. తీరా గుడ్డ తెర దాటి లోపలికెళ్ళాక, డాక్టరుగారు "నొప్పి ఎట్లా ఉందమ్మా?" అంటే నిటారుగా కూర్చుని "ఇప్పుడేం లేదండి" అంది. ఆయన నావంక అదోలా చూసి ఏవో బిళ్ళలు రాశారు.

బయటికి రాగానే మెట్ల మీద కూలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆయనకి చెప్పకపోతే ఇంకెవరికి చెప్తావత్తా?" అన్నాను.

"తెర అవతల అంతమంది కూర్చున్నారు గదే. నేను నొప్పంటే వాళ్ళకి వినపడదూ? పాపం, వాళ్ళూ ఓర్చుకునే గదా కూర్చుంది."

చెయ్యి పట్టుకుని మళ్ళీ లోపలికి లాక్కెళ్ళాను. డాక్టరుగారు మళ్ళీ అడిగారు. అత్త తెర వైపు ఒకసారి చూసి, మోచేత్తో జుట్టు తోసుకుని, పక్కనున్న నాకే సరిగా వినపడనంత మెల్లగా "కాస్త ఉందండి" అంది.