ఊరి అల్లుడి గొంతు

నాది పెద్ద గొంతు. ఈ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. కర్ణాటకలో బళ్లారి జిల్లా కంప్లి బజారులో ఎరువుల అంగడి నడిపిన రోజుల్లో, యూరియా వచ్చిందని మెట్ల మీద నిలబడి చెబితే బస్టాండు దాకా వినపడేదని రైతులు అనేవాళ్లు. కుర్రతనంలో పౌరాణిక నాటకాలు కూడా ఆడాను. ఆడానంటే, ద్వారపాలకుడి వేషం దాటి లోపలికి పోలేదు. అయినా నేను మహారాజు వస్తున్నాడని అరిచాక, వచ్చిన మహారాజు గొంతు పీలగా వినిపించేదని చెప్పుకునేవాళ్లు. చెప్పుకునేది ఎక్కువగా నేనే.

అంగడి తమ్ముడికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాక ఈ గొంతును ఏం చేసుకోవాలో తోచలేదు. కన్నడ బడిలో హెడ్మాస్టరుగా రిటైరైన స్నేహితుడొకాయన ఉన్నాడు. ఊళ్లో అందరూ ఆయన్ని మేష్ట్రు అనే అంటారు. ఒకరోజు టీ తాగుతూ ఆయన, జనం పుస్తకాలు చదవడం మానేశారనీ మనం ఏదైనా చేయాలనీ అన్నాడు. ఆయన మనసులో ఏముందో గానీ, నాకు మాత్రం వెంటనే మైకు కళ్ల ముందు కనిపించింది.

అట్లా మా చదువరుల ట్రస్టు పుట్టింది. పుట్టకముందే పేరు కోసం చాలా కాలం తగవులాడుకున్నాం. ఆయన కన్నడ పేరు అన్నాడు, నేను తెలుగు పేరు అన్నాను, చివరికి రెండు భాషల్లోనూ ఒకేలా ఉండే సంస్కృత పేరు పెట్టాం. అందువల్ల రెండు భాషలవాళ్లకూ అర్థం కాలేదు. బోర్డు చూసి ఒకాయన పైకొచ్చి, ఇక్కడ మూలికా వైద్యం చేస్తారా అని అడిగాడు.

అంగడి పైనున్న గదిలో రెండు బీరువాలు పెట్టాం, ఒకటి కన్నడానికి, ఒకటి తెలుగుకు. ప్రారంభోత్సవానికి దండలూ శాలువాలూ తెప్పించాం. శాలువా కప్పించుకున్నవాళ్లు కప్పించుకున్నట్టే వెళ్లిపోయారు. ఆ తర్వాత గదికి తప్పకుండా వచ్చిన పాఠకుడు ఒక్కడే. అతను ఫోన్ చార్జింగు పెట్టుకుని, ఫ్యాను కింద కునుకు తీసి, దండం పెట్టి పోయేవాడు. మంచి మనిషి. పుస్తకాల జోలికి పోయేవాడు కాదు.

జనం మన దగ్గరికి రాకపోతే మనమే పోదామన్నాడు మేష్ట్రు. ఏటి ఒడ్డున ఒక పల్లెలో నాట్లకూ కలుపులకూ పోయే ఆడవాళ్ల సంఘం ఒకటి ఉంది. ఆదివారం సాయంత్రం సమావేశానికి అందరూ సముదాయ భవనంలో కూర్చుంటారు. సమావేశం అయ్యాక కాసేపు కథ చదివితే వింటారని ఆయన ఆలోచన. ఆ పల్లె నా భార్య పుట్టిన ఊరు కావడంతో నాకూ ధైర్యం వచ్చింది. ఆమె కూడా మాతో బయలుదేరింది. సాహిత్యం కోసం కాదు, తిరిగొచ్చేటప్పుడు నేను రోడ్డు పక్కన మిరపకాయ బజ్జీలు తినకుండా చూడటానికి.

ఇక్కడి సంగతి ఒకటి చెప్పాలి. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చేది కన్నడం. నేను చిన్నప్పుడు గుంతకల్లులో మేనమామ దగ్గర ఉండి చదివాను కాబట్టి నాకు తెలుగు రాయడం వచ్చు. నా భార్యకు కన్నడమే చదవడం వచ్చు. రెండు లిపులూ అక్కచెల్లెళ్లంటారు గానీ, తలకట్టు దగ్గర ఆమె ఒక దారి, నేనొక దారి. ఆ పల్లెలో ఆడవాళ్లదీ అదే కథ. చదువుకున్నవాళ్లకు కన్నడం వచ్చు, చదువుకోనివాళ్లకు ఏదీ రాదు, మాట్లాడేది అందరూ తెలుగే. అంటే తెలుగు పుస్తకం వాళ్లకు చేరాలంటే ఎవరో ఒకరు గట్టిగా చదవాల్సిందే. దేవుడు నా కోసమే ఈ జిల్లాను ఇట్లా పుట్టించాడనుకున్నాను.

మొదటి ఆదివారం నేను తీసుకుపోయిన కథలో ఒక కోట, దాని ముట్టడి, ఒక ద్రోహి. వాక్యాలు చాంతాడంత పొడుగున్నాయి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. కోట తలుపులు విరిగే చోట ఒక తల్లి ఒడిలో పిల్లవాడు ఉలిక్కిపడి లేచి ఏడ్చాడు. బయట కుక్కలు అందుకున్నాయి. నేను తగ్గలేదు. అయిపోయాక మా ఆవిడ చిన్నమ్మ, ఆ సంఘానికి పెద్ద, మెల్లగా నా దగ్గరికొచ్చింది.

"అంత కోపమేందప్పా నీకు? మావోళ్లు ఎవురన్నా ఏమన్నా అనిరా?"

రౌద్రరసం అంత బాగా పండిందన్నమాట అని దారి పొడుగునా మేష్ట్రుకు వివరించాను. ఆయన నా స్కూటరు వెనక కూర్చుని చెవి రుద్దుకుంటూ వచ్చాడు. రెండో బండి మీద తమ్ముడి కొడుకు వెనక కూర్చున్న నా భార్య అటు తిరిగి చెరుకు తోటలు చూస్తోంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పోయాం. ఆడవాళ్లు కదలకుండా మెదలకుండా వినేవాళ్లు. ఇంత బుద్ధిగా వినే సభను నేను బళ్లారిలో కూడా చూడలేదని అందరికీ చెప్పాను. కొందరు కళ్లు మూసుకుని వినేవాళ్లు. తన్మయత్వం అనుకున్నాను.

వానలు మొదలయ్యే సరికి నా గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగి చదివాను, అల్లం నమిలి చదివాను. ఒక ఆదివారం వీరుడు సవాలు విసిరే చోట గొంతులోంచి కీచుమని తలుపు చప్పుడు వచ్చింది, ఆ తర్వాత అదీ రాలేదు. బళ్లారిలో గొంతు డాక్టరు లోపలికి గొట్టం పంపి చూసి, స్వరతంత్రుల మీద చిన్న కాయలాంటిది లేచిందన్నాడు. ఏం పని చేస్తారని అడిగాడు, బస్సు కండక్టరా, బజారులో కూరగాయలు అమ్ముతారా అని. సాహిత్య సేవ అని గుసగుసగా చెప్పాను. గుసగుస కూడా పనికిరాదు, తాను చెప్పేదాకా నోరు మెదపవద్దని ఆయన ఖండితంగా చెప్పాడు.

మౌనం వచ్చాక తెలిసింది, నా ఇంట్లో నా మాట ఎవరికీ అందే దారి లేదని. ఒక పలక కొనుక్కున్నాను. తెలుగులో రాస్తే నా భార్య కళ్లు చిట్లించి, కూడబలుక్కుని, ఆఖరికి పక్కన పెట్టేది. దాంతో ఆమె కోసం వచ్చీరాని కన్నడంలో రాయాల్సి వచ్చింది. నేను చారు కావాలని రాస్తే ఆమె మొదట తప్పు దిద్దేది, తర్వాత చారు పోసేది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నా మీద ఎర్ర సిరా వాడిన కాలం అదొక్కటే. బాగా సంతోషంగా ఉండేది.

ఆదివారం సభ నా వల్ల ఆగిపోతుందేమోనని బెంగపడ్డాను. నిజానికి ఆగిపోవాలనే కోరుకున్నాను. నేను లేని లోటు తెలియాలి కదా. నా బదులు మేష్ట్రు చదువుతానన్నాడు గానీ, ఆయనకు హొసపేటలో పెళ్లి తగిలింది. నేనూ నా భార్యా ఇద్దరమే పోయాం. ఆడవాళ్లు చాపలు పరుచుకుని కూర్చున్నారు. నా భార్య వాళ్లకు నా గొంతు సంగతి చెప్పింది. వాళ్లు అయ్యో అన్నారు గానీ, ఆ అయ్యోలో నేను ఆశించిన బరువు లేదు. అప్పుడు ఆమె సంచిలోంచి ఒక కన్నడ కథల పుస్తకం తీసింది. మా గదిలోని బీరువాదే. ఆమె ఎప్పుడు తీసుకుందో, ఎప్పుడు చదివిందో నాకు తెలియదు.

ఆమె గట్టిగా చదవలేదు. రెండు మూడు వాక్యాలు కళ్లతో చూసుకుని, తలెత్తి, వాటిని మా తెలుగులో చెప్పింది, పక్కింటావిడ సంగతి చెబుతున్నట్టు. ఒక కోడలు పొద్దున్నే ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చి బస్టాండులో కూర్చుంటుంది. బస్సులు వస్తుంటాయి, పోతుంటాయి. దేంట్లో ఎక్కాలో ఆమెకు తోచదు. కథంతా అంతే.

నా ప్రాణం విలవిల్లాడింది. గొంతులో ఎత్తుపల్లాలు లేవు, ఆగాల్సిన చోట ఆగడం లేదు. పలక మీద 'గొంతు పెంచు' అని రాసి చూపించాను. ఆమె దాన్ని తీసుకుని, అందులో తప్పు ఒకటి వేలితో చెరిపి దిద్ది, బోర్లించి తన తొడ కింద పెట్టుకుంది.

ఇంతలో ఆడవాళ్లు మధ్యలో మాట్లాడటం మొదలుపెట్టారు. నా సభలో ఎన్నడూ లేని పని. సంచిలో ఏం తెచ్చుకుందని ఒకామె అడిగింది. బిడ్డలు ఉండారా అని ఇంకొకామె. పుట్టింటి బస్సు ఎక్కమను అని వెనక నుంచి ఒకరు. పుట్టింటికి పోతే మూడోరోజుకు వాళ్లే తీసుకొచ్చి దిగబెడతారని పక్కామె. ఎవరూ కళ్లు మూసుకోలేదు. చీకటి పడుతోందని నా భార్య వేలు పెట్టి పుస్తకం మూసింది. కోడలు ఇంకా బస్టాండులోనే ఉంది.

దారిలో స్కూటరు నడుపుతున్నానన్న మాటే గానీ, నా ధ్యాసంతా ఆ బస్టాండులోనే ఉంది. ఇంటికి రాగానే పలక తీసి, చివరికి ఏ బస్సు ఎక్కిందని రాశాను. ఆమె చదివి, ఈసారి తప్పులు కూడా దిద్దలేదు.

"ఆదివారం రా, అందరితోపాటు ఇందువుగానీ."

ఆమె పక్కింటికి పోయినప్పుడు పుస్తకం కోసం బియ్యం డబ్బా దగ్గరనుంచి దేవుని గూడు దాకా వెతికాను. దొరకలేదు. ఊరికి చదువు నేర్పడానికి ట్రస్టు పెట్టిన మనిషిని, ఒక కథ ముగింపు కోసం సొంత ఇంట్లో దొంగలా తిరిగాను. అంతకుముందు నేను చదివిన కథల్లో ఏ వీరుడు గెలిచాడో ఓడాడో నాకు పట్టలేదు. నా గొంతు బాగా వచ్చిందా లేదా అన్నదే చూసుకున్నాను.

మరుసటి ఆదివారం అందరికంటే ముందు చాప మీద కూర్చున్నది నేనే. కథ చివర్లో ఒక బస్సు వస్తుంది, కోడలు లేచి నిలబడుతుంది, అంతటితో అయిపోతుంది. రాసినాయన ఆ బస్సు ఎక్కడిదో చెప్పలేదు. ఆడవాళ్లు ఒప్పుకోలేదు, పేజీ తిరగేసి చూడమన్నారు. నా భార్య తిరగేసి చూపించింది, అవతల వేరే కథ. వాదన చెలరేగింది. చివరికి చిన్నమ్మ అందుకుంది.

"ఆయమ్మ యాడికీ పోదు. పొద్దున నుంచి ఆడ ఊరికే కూసోనుండాది సూడు, ఆయమ్మకు కావాల్సింది అదే. ఇంట్లో ఎవురన్నా కూసోనిస్తారేంది?"

కొందరు నవ్వారు, కొందరు నవ్వలేదు. నా భార్య పుస్తకం వైపు కాకుండా చిన్నమ్మ వైపే చూస్తూ ఉండిపోయింది. నేను ఆమెను చూశాను. తను మా ఇంట్లో ఎప్పుడు ఊరికే కూర్చుందా అని గుర్తు చేసుకోబోయాను. ఏమీ గుర్తు రాలేదు.

లేచి వస్తుంటే చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచింది. నేను మాట్లాడలేనని తెలుసు కాబట్టి నిదానంగా చెప్పింది. ఇన్నాళ్లూ నేను చదివింది తమకు సగం కూడా తెలియలేదట. పైగా చెవులు గింగురుమనేవట. మరి ఎందుకు చెప్పలేదన్నట్టు చెయ్యి ఊపాను.

"ఊరి అల్లునివి. అల్లుడు సదువుతాంటే సాకు అనేకి అయితాదా అప్పా? ఇంటికి పోయి మా పాపను ఏమన్నా అంటావేమోనని గమ్మున కూసోనుంటిమి."

సాకు అంటే కన్నడంలో చాలని. ఆ ఒక్క మాట అనలేక వాళ్లు నా కోటలన్నీ, ముట్టడులన్నీ భరించారు. నా సభ బుద్ధి అంతా అల్లుడి మర్యాదేనని తెలిసి, ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుందామనుకున్నాను. కానీ ఆరోజు మా ఆవిడ గుత్తివంకాయ చేసింది. తిన్నాను.

కొన్నాళ్లకు డాక్టరు కొద్దికొద్దిగా మాట్లాడమన్నాడు. పాత గొంతు రాలేదు. వచ్చినది ఇసుక రాసుకున్నట్టుంది, పక్క గదికి కూడా పోదు. మేష్ట్రు ఓదార్చబోయి, ఇప్పుడే వినసొంపుగా ఉందన్నాడు. ఇన్నాళ్లూ ఆయనా ఓర్చుకున్నాడని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు ఆదివారం సభ నా భార్యది. ఆమెతో పాటు సంఘంలో చదువు వచ్చిన ఇద్దరు ముగ్గురు కన్నడ కథలు ఇంట్లో చదువుకొచ్చి తెలుగులో చెబుతారు. నాది స్కూటరు నడిపే పని, చాపలు పరిచే పని. ఆమె తెలుగు లిపి కూడా నేర్చుకుంటానంది. వంటింట్లో తలకట్లు, గుడులు మొదలుపెట్టాం గానీ, నేను నేర్పే పద్ధతి నచ్చక వారంలో, రెండు లిపులూ వచ్చిన మేష్ట్రు దగ్గరికి మారిపోయింది.

పోయిన ఆదివారం ఆమెకు జలుబు చేసి, నన్ను చదవమంది. భయంతో చిన్న కథ ఎంచుకున్నాను. కోటలు లేవు. ఒక ముసలాయన పక్క ఊరికి గొర్రెను తోలుకుపోతుంటాడు, అంతే. ఉన్న గొంతుతో, వాళ్ల మాటల్లోకి మార్చుకుంటూ చదివాను. నడుమ ఒకచోట చిన్నమ్మ చెయ్యెత్తి, ఆ మాట ఇంకోసారి చదవమంది. నా ఒళ్లు పులకరించింది.

"అంత బాగుందా?" అని అడిగాను.

"ఇనపడల్యా అప్పా," అంది.

చాప మీద ముందుకు జరిగి, ఆ మాట మళ్లీ చదివాను.