ఆరు నెలలకని మూసిన కొండ తోవ

అది 1979 జనవరి. స్టీల్ ప్లాంటు వస్తుందని, వచ్చేసిందని, ఇంకెక్కడొస్తుందని విశాఖపట్నంలో ప్రతి టీ కొట్టు దగ్గరా వాదించుకునే రోజులు. రోడ్లు వేస్తున్నారు, షెడ్లు కడుతున్నారు, పోర్టు పెరుగుతోంది. వీటన్నిటికీ రాయి కావాలి. రాయి కొండల్లో ఉంటుంది. ఆ కొండల మీద ఎవరో ఒకరు నడిచే దారులుంటాయి. ఆ దారుల సంగతి చూడడం నా ఉద్యోగంలో ఒక భాగం. నేను సర్వేయర్ని. చూడడమంటే చాలాసార్లు మూయడమే.

ఈ పని ఎలా జరుగుతుందో తెలియనివాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. ప్రతి గ్రామానికీ కొలతల పటాల పుస్తకం ఒకటుంటుంది. దాన్ని మేం ఎఫ్.ఎం.బి. అంటాం. అందులో పొలాల సరిహద్దులు నిండు గీతలు. జనం నడవగా నడవగా పడ్డ కాలిబాటలు చుక్కల గీతలు. క్వారీ కోసం ఒక కాలిబాటను కొన్నాళ్లు మూయాలంటే ముందు ఊళ్లో దండోరా వేయించి, నోటీసు అంటించి, నెల్లాళ్లపాటు అభ్యంతరాలకు ఎదురుచూడాలి. డైవర్షన్, అంటే చుట్టుదారి, కొలిచి చూపించాలి. పనయ్యాక పాత బాటను మళ్లీ తెరిచి జనానికి అప్పగించాలి. రూల్సులో ఏ లోపమూ లేదు. నేనిప్పటికీ వాటిని తప్పుపట్టను.

నా దగ్గరికొచ్చిన ఫైలు సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న జాలరి ఊరిది. ఊరికీ బస్సు రోడ్డుకీ మధ్య ఒక కొండ. కొండ భుజం మీదుగా ఒక కాలిబాట. సరిగ్గా ఆ భుజం దగ్గరే ఒక కాంట్రాక్టరుకు క్వారీ మంజూరైంది. బాట ఆరు నెలలు మూయాలి.

దండోరా నేనే దగ్గరుండి వేయించాను. డప్పు కొట్టేవాడు పై ఊరినుంచి రావాలి కాబట్టి ఊరు చేరేసరికి పొద్దున పదైంది. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు, కొందరు వేట నుంచి వచ్చి నిద్రపోతున్నారు. డప్పు వాయించి, సంగతి చదివి వినిపించాం. వల అల్లుతున్న ఒకాయన తలైనా ఎత్తకుండా అన్నాడు:

"మాకేటి బాబూ? మాం సముద్రం మీదికి ఎల్తాం గానీ కొండ మీదికి ఎల్తామా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంత సులువుగా ఏ ఊళ్లోనూ పని జరగలేదని సంతోషపడ్డాను కూడా. నెల తిరిగింది. ఒక్క అభ్యంతరమూ రాలేదు. 'నిల్' అని రాసి పంపించాను.

చుట్టుదారి కొలవడానికి నా చైన్‌మన్ అప్పల్రాజును తీసుకెళ్లాను. చైన్‌మన్ అంటే కొలత గొలుసు లాగే మనిషి. నాకంటే పదేళ్లు పెద్దవాడు, ఆ చుట్టుపక్కల ప్రతి గట్టూ తెలిసినవాడు. కొండ కింద గెడ్డ ఉంది, వానాకాలంలో పారే వాగు. అప్పుడు చుక్క నీళ్లు లేవు. గెడ్డలోకి దిగి, ఇసుకలో నడిచి, అవతలి గట్టెక్కి కొండను చుట్టి రోడ్డు చేరాలి. గొలుసును మేం నేలవాలు ప్రకారం పరచం, మట్టంగా లాగి పట్టుకుని కొలుస్తాం. అందువల్ల ఎక్కడమూ దిగడమూ కాగితం మీదికి రావు. లెక్క చూస్తే పాత బాటకంటే మరీ ఎక్కువేం లేదు. నా చేతిలో గొడుగు, అప్పల్రాజు చేతిలో గొలుసు. హాయిగా నడిచాం.

ఫిబ్రవరిలో బోర్డు పాతడానికి పొద్దున్నే వెళ్లాం. అప్పుడు చూశాను ఆ తోవ ఎవరిదో. కొండ కింది నుంచి ఆడవాళ్లు వరసగా వస్తున్నారు. తలల మీద చేపల గంపలు, గంపల్లోంచి నీళ్లు భుజాల మీదికి కారుతున్నాయి. ముందున్న ఆవిడకు నలభై ఏళ్లుంటాయి. తర్వాత తెలిసింది, పేరు పోలమ్మ అని.

"ఏటి బాబూ, తోవకి అడ్డం కర్రలేటి?"

"తోవ మూసేశారమ్మా. క్వారీ వస్తోంది. రేపట్నుంచి గెడ్డ మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి."

"మూసీసినారా? మమ్మల్ని ఎవులడిగినారు?"

"దండోరా వేయించాం. నెల గడువిచ్చాం. మీ ఊళ్లో ఎవరూ కాదనలేదు."

"ఎప్పుడేసినారు దండోరా?"

"పొద్దున పదింటికి."

ఆమె వెనకవాళ్ల వైపు తిరిగి చూసి, మళ్లీ నావైపు తిరిగింది.

"పదింటికి మాం పట్నంలో, కంచరపాలెం ఈదుల్లో ఉంటాం బాబూ. ఊల్లో మొగోల్లుంటారు. ఆల్లకీ తోవకీ ఏటి సమ్మందం? మా ఇంటాయన ఈ కొండెక్కి ఎన్నేల్లయినాదో!"

వాళ్లలో వేట మగవాళ్లది, అమ్మకం ఆడవాళ్లది. సముద్రం ఆయనది, కొండ ఆమెది. ఇది ఆ తీరంలో పసిపిల్లలకైనా తెలుసు. తెలియనిది నాకొక్కడికే. పెళ్లికూతుర్ని వదిలేసి పెళ్లివారందర్నీ ఇష్టం కనుక్కున్నట్టు, ఆ తోవన నడవని వాళ్లందర్నీ అడిగి వచ్చాను.

పోలమ్మ బస్సు సంగతి చెప్పింది. రోడ్డు మీదికి ఏడున్నరకు ఒక బస్సు వస్తుంది. దాని కండక్టరు గంపలు టాపు మీదికి ఎక్కించుకుంటాడు. అది తప్పితే తొమ్మిదింటి బస్సు. అందులో ఆఫీసులకెళ్లేవాళ్లు నిండిపోయి ఉంటారు, నీచు వాసనని గంపలు ఎక్కనివ్వరు. కొండ తోవన వస్తే ఏడున్నర బస్సు అందుతుంది, చుట్టూ తిరిగితే అందదు. ఇంతకంటే చిన్న లెక్క నేను జన్మలో చూడలేదు. నా గొలుసుకు మాత్రం అందలేదు.

"కొంచెమే ఎక్కువమ్మా, నేను కొలిచాను," అన్నాను.

"ఓపాలి ఈ గంప ఎత్తుకోని నీ సుట్టుతోవంట నడు బాబూ. నడిసినాక నువ్వే సెప్పు."

నిజంగానే గంప దించబోయింది. అప్పల్రాజు పకపకా నవ్వాడు. నేనూ నవ్వి గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. ఆ గంప నా నెత్తికెత్తుకుని ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

"ఆరు నెలలేనమ్మా. తాత్కాలికం," అన్నాను.

"అంటే ఏటి?"

"అంటే కొన్నాళ్లే. మళ్లీ తెరిచేస్తాం."

"నువ్వే తెరుత్తావా?"

"నేనే తెరుస్తాను."

ఆ రోజుకు బోర్డు పక్కనుంచే వాళ్లను పోనిచ్చాను. అదేదో పెద్ద ఉపకారం చేసినట్టు ఇంటికెళ్లి భార్యకు చెప్పుకున్నాను.

జూలైలో వానలు పడ్డాయి. ఆగస్టు మొదట్లో పోలమ్మ మరో ఇద్దరు ఆడవాళ్లతో మా ఆఫీసుకొచ్చింది. ఎవరిచేతో రాయించిన అర్జీ, కింద వేలిముద్రలు. మా గుమస్తా తేదీ చూసి, అభ్యంతరాల గడువు ఫిబ్రవరిలోనే ముగిసిందని తిప్పి ఇచ్చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఎలాగని సామెత కూడా చెప్పాడు. చేతులు ఎవరివో, నిప్పు ఎవరు పెట్టారో అతనికనవసరం.

నేను వాళ్లను వరండాలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను.

"గెడ్డ మొల్లోతు పారతంది బాబూ," అంది పోలమ్మ. "గంపెట్టుకోని దిగితే కాలు నిలబడటం నేదు. మొన్న మా తోటికోడలు గంపతో సహా పడిపోనాది. మనిసి బతికినాది, సేపలన్నీ కొట్టుకుపోనాయి. కంచరపాలెంలో నాకు వాడిక ఇల్లు నలబై ఉండీవి. మాయమ్మ తిరిగిన ఇల్లవి. నాను ఆలీసంగా ఎల్తంటే, సైకిలు మీద ఎవులో వచ్చి ఎండెక్కకముందే అమ్మీసుకు పోతన్నాడు. ఇపుడు నన్ను సూసి తలుపులేసుకుంతన్నారు."

నాకు నిజంగా బాధ కలిగింది. క్వారీ గడువు పెంచమని కాంట్రాక్టరు అర్జీ అప్పటికే నా బల్ల మీద ఉంది. రెన్యువల్ చేసేముందు సర్వేయరు మళ్లీ వెళ్లి చుట్టుదారి నడవడానికి వీలుగా ఉందో లేదో చూసి రాయాలి. అది చెప్పాను.

"ఈ వారంలోనే వస్తాను. గెడ్డను నా కళ్లతో చూస్తాను. ఉన్నదున్నట్టు రాస్తాను. దాటడానికి వీల్లేదని రాస్తే తోవ తెరవక తప్పదు."

"ఏ యేలకొత్తావు?"

"పొద్దున్నే. ఏడింటికి."

వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఒక గట్టి కారణమైనా లేదు. ఎవరూ నాకు లంచమివ్వలేదు. ఇచ్చి ఉంటే నన్ను నేను తిట్టుకోవడానికి సులువుగా ఉండేది. ఎవరూ బెదిరించలేదు. వాన కురుస్తోంది, బల్ల మీద ఇంకా పదిహేను ఫైళ్లున్నాయి, అంతే. ఫిబ్రవరి నాటి రిపోర్టు ముందు పెట్టుకుని తేదీ మార్చి మక్కీకి మక్కీ దింపేశాను: 'స్థలమును తనిఖీ చేసితిని. డైవర్షన్ బాట వాడుకలో ఉన్నది. అభ్యంతరములు లేవు.' సంతకం పెట్టాను. నా సంతకం చూడడానికి చాలా బాగుంటుంది, అందరూ అనేవారు.

ఆ మూడు వాక్యాలూ ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకూ ఎవరో ఒకరు దింపుకుంటూ పోయారు. నాకు వేరే తాలూకాకు బదిలీ అయింది. వెళ్లేముందు అప్పల్రాజు ఒక మాట చెప్పాడు. చెప్పకపోయినా బాగుండేది.

"ఆ సేపల పోలమ్మ మీకోసం మూడు పొద్దులు గెడ్డ గట్టుమీద కూకుందంట బాబూ. ఏపారం మానీసి."

1984లో అదే ఆఫీసుకు తిరిగొచ్చాను. క్వారీ పనైపోయింది, కాంట్రాక్టరు మిషన్లు సర్దుకుంటున్నాడు. పాత బాటను తెరిచి, 'రెస్టోర్' చేసినట్టు రిపోర్టు రాయమని ఫైలు నా దగ్గరికే వచ్చింది. నువ్వే తెరుస్తావా అని ఆవిడ అడిగిన మాట గుర్తొచ్చింది. అప్పల్రాజు రిటైరైపోయాడు. కొత్త చైన్‌మన్‌తో వెళ్లాను.

కొండ భుజం లేదు. దాని బదులు నిలువుగా కోసిన గొయ్యి, అడుగున పచ్చటి నీళ్లు. గట్టు మీద కొందరు ఆడవాళ్లు గోనె గుడ్డల నీడలో కూర్చుని సుత్తులతో రాయి కొడుతున్నారు. మిగిలిపోయిన రాయి, కంకర చేసి లారీకెత్తితే ఆ పనీ అయిపోతుంది. వాళ్లలో ఒకామె చెయ్యి ఆపి నావంక చూసింది. ఎడమ కన్ను తెల్లబడి ఉంది.

"గెడ్డకాడికి వత్తానన్న బాబువి గదా?"

పోలమ్మ. రాతి ముక్క ఎగిరి కంటికి తగిలిందని ఆమే చెప్పింది.

"సేపల గంపలెప్పుడో మానీసినాం. వాడిక ఇల్లన్నీ పోనాయి, ఎవులికమ్మాల? మా ఊరి ఆడోల్లం సగంమంది ఈడికే వచ్చీసినాం. తోవ మూసీసి, ఆ తోవనే ముక్కలు కొట్టమని మాకే కూలిచ్చినారు. రేపట్నించి అదీ నేదు."

గొంతులో కోపం లేదు. ఉంటే నాకు ఊపిరాడేది. ఉద్యోగి అడిగే ప్రశ్నే అడిగాను.

"పాత తోవ ఎక్కణ్ణుంచి వెళ్లేదో చూపిస్తావా పోలమ్మా? పటంలో గుర్తు పెట్టాలి."

ఆమె లేచి గొయ్యి అంచు దాకా వచ్చింది. అలవాటుగా ఒక చెయ్యి నెత్తిమీది గంపను పట్టుకున్నట్టు పైకి లేచింది, మళ్లీ దిగింది. ఎదురుగా నీళ్ల మీద ఖాళీలోకి వేలు చూపించింది.

"అద్గో, ఆడ సింతసెట్టుండీది. గంపలు దించుకోని ఊపిరి పీల్సుకునీవోల్లం. ఆడ్నించి ఇలగ మలుపు తిరిగితే బస్సు కనపడీది. కనపడితే పరిగెట్టీవోల్లం." వేలు గాలిలో ఆ మలుపు తిరిగింది. "గాల్లో ఉంది బాబూ నీ తోవ. గొలుసెట్టి కొలుసుకో."

తిరిగి వెళ్లి సుత్తి అందుకుంది.

ఆఫీసుకొచ్చి మొదటిసారి ఉన్నదున్నట్టు రాశాను: బాట పోయింది, తెరవడానికి నేలే లేదు. పై అధికారి పిలిచి కూర్చోమన్నాడు. చెడ్డవాడేం కాదు. మెల్లగా ఫైలు వెనక్కి తిప్పుతూ అన్నాడు:

"ఇలా రాస్తే పైనుంచి ఒకటే అడుగుతారు. బాట తవ్వేస్తుంటే ఇన్నేళ్లూ తనిఖీ చేసిందెవరని. మొదటి రెన్యువల్ మీద ఎవరి సంతకముందో చూశారా?"

చూశాను. అందంగా ఉంది.

నాకప్పటికి ఇద్దరు పిల్లలు, ఇంకా పదేళ్ల సర్వీసు. ఆ కాగితం చించి ఇంకోటి రాశాను: 'బాట పునరుద్ధరించబడినది.' ఫైలు మూసేశారు.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా సలహా అడిగితే, నడిచేవాళ్లు ఊళ్లో ఉండే వేళకు దండోరా వేయించమంటాను. బరువెత్తుకుని నడిచి చూడమంటాను. వస్తానన్న చోటికి వెళ్లమంటాను. ఇవి నేర్చుకోవడానికి నాకొక ఊరు ఖర్చయింది. నేర్చుకున్న తర్వాత కూడా, సమయమొచ్చినప్పుడు నేను చేసింది అబద్ధం మీద సంతకమే. కాబట్టి నా సలహాకు ఎంత విలువివ్వాలో మీరే తేల్చుకోండి.

ఆ గ్రామం ఎఫ్.ఎం.బి.లో ఆ చుక్కల గీత ఊరి నుంచి బస్సు రోడ్డు దాకా ఎక్కడా తెగకుండా అలాగే ఉంది. కాగితం ప్రకారం ఆ తోవ తెరిచే ఉంది. దాని వెంట నడిస్తే సగం దూరంలో కాలి కింద నేల ఉండదు.