నా లైనక్స్‌లో చచ్చిన పాము
మా మరదలి ఐదేళ్ల కష్టం మట్టిపాలు కావడానికి కారణం నేను. ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

నేను నోయిడాలో కంప్యూటర్ సెక్యూరిటీ కంపెనీలో పనిచేస్తాను. ఒళ్లంతా పొగరు. నా లాప్‌టాప్‌లో విండోస్ ఉండదు, వైరస్‌లు అంటవని పేరున్న లైనక్స్ ఒక్కటే. ఢిల్లీ ద్వారకలో మా ఇంటికి ఎవరు విండోస్ లాప్‌టాప్ పట్టుకొచ్చినా, టీ ఇవ్వకముందే ఎగతాళి మొదలుపెట్టేవాణ్ని. దానికో ఆట కూడా ఉండేది. ఎవరి పెన్‌డ్రైవ్‌లోంచో వచ్చిన వైరస్ ఫైలు ఒకటి తుడిచేయకుండా దాచుకున్నాను. చూడ్డానికి పాత ప్రశ్నపత్రంలా ఉంటుంది, పేరు చివర మాత్రం డాట్ ఈఎక్స్ఈ అని తోక. అది విండోస్ కోసం రాసిన ప్రోగ్రాం, లైనక్స్ మీద నడవదు. వచ్చినవాళ్ల ముందు దాన్ని టకటకా నొక్కి, "చూశారా, చచ్చిన పాము" అనేవాణ్ని.

మరదలంటే నా భార్య పిన్ని కూతురు. వరంగల్ నుంచి వచ్చి ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కి చదువుతుండేది. ఆప్షనల్ తెలుగు సాహిత్యం. ఇక్కడ దానికి కోచింగూ లేదు, నోట్సూ దొరకదు. లైబ్రరీలో కూర్చుని అంతా తానే టైపు చేసుకుంది. ఆ ఏడాది ఆఖరి అటెంప్ట్. ప్రిలిమ్స్ గట్టెక్కింది, మెయిన్స్‌కి మూడు వారాలుంది.

ఓ ఆదివారం మధ్యాహ్నం, నేను తన కోసం నెట్‌లోంచి దించిపెట్టిన పాత ప్రశ్నపత్రాల కోసం వచ్చింది.

"బావా, నా నోట్స్ గూడ నీ లాప్‌టాప్‌ల ఒక కాపీ పెట్టుకోరాదు? నాదేమో పాతదాయె."

"నాదేమన్నా ధర్మసత్రమా? పెన్‌డ్రైవ్‌లో ఉందిగా, చాల్లే," అన్నాను.

నవ్వేసింది. ప్రశ్నపత్రాల ఫోల్డర్ మొత్తం ఎత్తి ఆ పెన్‌డ్రైవ్‌లోనే పడేశాను. చచ్చిన పాము కూడా అందులోనే ఉందని గుర్తులేదు. అబద్ధమెందుకు, ఆమె మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. ఫోన్ చేసి చెబుదాంలే అనుకున్నాను. చెప్పలేదు.

నాలుగో రోజు మెట్రోలో మళ్లీ వచ్చింది, లాప్‌టాప్ గుండెలకు హత్తుకుని. తెరిస్తే ఒక్క ఫైలూ తెరుచుకోదు. డబ్బు పంపితే తాళం తీస్తామని ఎర్రక్షరాలు. పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంచే చదువుకుంటోందట, అందులో కాపీ కూడా పోయింది. విండోస్ ఆ తోకను కనపడనివ్వదు. పాపం, ప్రశ్నపత్రమనే నొక్కి ఉంటుంది.

నాకు చూడగానే అర్థమైంది.

"ఏ పిచ్చి సైటులోంచి ఏం దించావు?" అన్నాను.

"ఏం దించలే బావా. నువ్విచ్చినయే సదువుతున్న."

"నాది లైనక్స్. దాంట్లో వైరస్ ఎక్కణ్ణుంచి వస్తుంది? కనపడ్డ ప్రతిదీ నొక్కితే ఇంతే. చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత."

నా భార్య టీ కప్పులతో గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ మాట అన్నందుకు నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం. కానీ అన్నాను.

మరదలు తల దించుకుని ఆలోచించింది. "పోయిన వారం పక్క రూం దీదీ ఏదో లింక్ పంపింది. గదే అయ్యుంటది."

"అదే అయ్యుంటుంది," అన్నాను.

ఆమె వెళ్లగానే నేను చేసిన మొదటి పని నా దాంట్లోంచి ఆ ఫైలు తుడిచేయడం. తాళం తీయడానికి రెండు రోజులు తంటాలు పడ్డాను, కుదరలేదు. జ్ఞాపకమున్నంత రాసింది. తెలుగు పేపర్లలోనే పోయింది. జ్వరమొస్తే గంజి కాచిపోసిన ఆ దీదీతో మాటలు మానేసిందని నా భార్య చెప్పింది. నేను పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను.

ఇప్పుడు వరంగల్‌లో ఏదో ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతోంది. నిన్న మెసేజ్ పెట్టింది.

"బావా, కొత్త లాప్‌టాప్ కొన్న. నీ మాట ఇని లైనక్సే ఏపిచ్చిన. ఇగ నాకు భయం లేదు."

మంచి పని చేశావు అని రాశాను.