కనియో మూతలు బిగించిన సీసాలు

జెరార్దా పెళ్ళయి ఆ కొండ ఊరికి వచ్చిన ఏడాదే భర్త కనియో తాపీ పనికి స్విట్జర్లాండు వెళ్ళాడు. ఏటా ఆగస్టులో, టమాటాలు పండే రోజులకు వచ్చేవాడు. వాళ్ళ కాపురమంతా ఆగస్టుల్లోనే గడిచింది.

"నీ మొగుడు నీ కోసం రాడే, సాసు కోసం వస్తాడు" అని ఇరుగుపొరుగు ఏడిపిస్తే, "ఎందుకైతేనేం, వస్తున్నాడుగా" అనేది జెరార్దా.

ఏడాదికి సరిపడా టమాటా సాసు కాచే రోజు వీధంతా ఎర్రబడేది. ఉడికిన కాయలను జెరార్దా మరలో వేసి తిప్పి, తొక్కా గింజా వేరుచేసేది. పక్కింటి మిఖేలీనా పాత బీరు సీసాల్లో వాసనకు ఒక్కో రుద్రజడ ఆకు వేసి గుజ్జు నింపేది. మూతలు బిగించడం కనియో వంతు. ఇనప పీపాలో గోనెగుడ్డల మధ్య సీసాలు పేర్చి, నీళ్ళు పోసి మంట పెట్టడమూ అతనిదే. సీసాలు పేలతాయని, నీళ్ళు చల్లారేదాకా ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

ఒక ఏడు నడుం పట్టేసి, ఇక తిరిగి వెళ్ళనన్నాడు. జెరార్దాకు పైకి చెప్పుకోలేనంత సంతోషం. నేలమాళిగ నిండా సాసు ఉంది, ఇంట్లో మనిషి ఉన్నాడు.

ఆ నవంబరులో ఒక ఆదివారం సాయంత్రం కనియో సారాకొట్లో పేకాడుతున్నాడు. జెరార్దా మిఖేలీనా గుమ్మం ముందు నిలబడి ఏదో మాట్లాడుతోంది. అప్పుడు భూమి కదిలింది. పైవీధి వచ్చి కిందివీధి మీద పడింది.

శిథిలాల్లోంచి తీసిన కనియోను జెరార్దా చొక్కా గుండీని బట్టి గుర్తుపట్టింది. తెల్లదారం లేక దాన్ని నల్లదారంతో కుట్టింది తనే. ఆవిడ ఏడవలేదు. చలికాలమంతా డేరాలో, తర్వాత ప్రభుత్వం ఇచ్చిన చక్రాల బండి ఇంట్లో, అడిగినదానికి జవాబు చెబుతూ బతికింది.

వసంతంలో సైనికులు రాళ్ళు తొలగిస్తుంటే, ఇల్లు లేదు గాని, కొండలో తొలిచిన నేలమాళిగ బయటపడింది. ఒక సైనికుడు దుమ్ము కొట్టుకున్న సీసాతో పైకి వచ్చాడు.

"అమ్మా, ఒక్కటీ పగల్లేదు!"

"ఎక్కడిది అక్కడే పెట్టెయ్ నాయనా" అంది జెరార్దా. మాళిగ ద్వారానికి రేకు అడ్డం పెట్టించింది.

మిఖేలీనా ఊరుకోలేదు. "వాటిని దాచి ఏం చేస్తావ్ వదినా? గుడి కడతావా?"

"కడతా. నీకేం?"

"నాకేం లేదు. మా ముసలి మామయ్యే, సాయంగా పంచుతున్న ఆ డబ్బా సాసు నోట పెట్టట్లేదు. ఇనుము నాకినట్టుందంటాడు. నిన్న కూడా పస్తే పడుకున్నాడు."

ఆ ఆదివారం జెరార్దా ఒక్కతే మాళిగలోకి దిగి ఒక సీసా తెచ్చింది. మిఖేలీనా వాళ్ళ పొయ్యి దగ్గర నిలబడి, మూత మీద బొటనవేలు ఆనించి చాలాసేపు ఉండిపోయింది. తర్వాత తీసింది.

ముసలాయన తిన్నాడు. రొట్టెముక్కతో పళ్ళెం తుడుచుకుని, "మూతలు మీ ఆయన పెట్టినవేనా?" అన్నాడు.

"ఆయనవే."

"గట్టిగా బిగించాడు పిల్లోడు."

ఆ మాటకు జెరార్దా బయటికి పరుగెత్తింది. బండి ఇంటి చక్రాన్ని పట్టుకుని, వీధివీధంతా వినేలా ఏడ్చింది. మిఖేలీనా పక్కన నిలబడింది గాని ఊరుకోమనలేదు.

ఆ పైన ఆదివారం ఆదివారం ఇంటికొక సీసా పంచింది జెరార్దా. ఎవరైనా మొహమాటపడితే, "తినడానికి పెట్టాడమ్మా, చూడ్డానికి కాదు" అని కసిరేది. చివరి సీసా మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. తలుపు వేసుకుని, తానే వండుకుని, ఒక్కతే తింది.

ఆగస్టులో బండి ఇళ్ళ ఆడవాళ్ళంతా కలిసి కాయలు తెచ్చారు. మంట దగ్గర ఎవరుండాలన్న మాట వచ్చేసరికి జెరార్దా లేచి వెళ్ళి పీపా పక్కన ముక్కాలిపీట వేసుకుంది. ఇక ఏటా ఆ చోటు ఆవిడదే.

చాలా ఏళ్ళకు ప్రభుత్వం కొత్త ఇల్లిచ్చింది. తాళాలు ఇచ్చిన ఇంజనీరును, "మాళిగ ఎక్కడ బాబూ?" అని అడిగింది.

"మాళిగ లేదమ్మా, వంటింట్లో అల్మారాలున్నాయి."

జెరార్దా అల్మారాలు తెరిచి చూసి, మూసేసింది. మాళిగలోలా చీకట్లో ఉండేట్టు ఆ ఏటి సీసాలన్నీ మంచం కిందికి తోసింది. చూడవచ్చిన మిఖేలీనా, "నిద్రలో నువ్వు కదిలి, మంచం ఊగి పగిలితేనో?" అంది.

"నాది కదిలే నిద్ర కాదులే" అంది జెరార్దా, దుప్పటి అంచు నేలదాకా దించుతూ.