మిరప చేనులో మైకు

పాట గొప్పతనం రాగంలో ఉందో మాటల్లో ఉందో పండితులు కొట్టుకు చావనీ. మా ఇంట్లో ఆ సంగతి మిరపకాయలే తేల్చేశాయి.

పినపాక దగ్గర మా చేనులో కాయలు ఏరే కూలీలకు హుషారు రావాలని నాన్న మైకు సెట్టు పెట్టించాడు. మొదటి పాటకే ఆడవాళ్లంతా సాళ్ల మధ్య నిలబడిపోయారు. కొందరికి కళ్లు చెమర్చాయి. మిరపకాయల చేతులతోనే తుడుచుకునేసరికి ఏడుపు రెండింతలైంది.

"ఏందమ్మా, పని ఆపిన్రు?" అని నాన్న అరిచాడు.

"గిసొంటి పాట వస్తుంటే చేతులెట్ల ఆడతయ్ అయ్యా? మల్లొక్కపారి ఎయ్యి," అంది కూలీల ముఠాను నడిపే పెద్దమ్మ.

మర్నాడు నాన్న మణుగూరు వెళ్లి, క్యాసెట్ల షాపులో అన్నిటికన్నా చెత్త పాటలు అడిగి తెచ్చాడు. వాటిని భరించలేక కూలీలు మధ్యాహ్నానికే చేనంతా ఏరేసి ఇళ్లకు పరుగెత్తారు.

అప్పటినుంచి మాకు అదే కొలత: చేతులు ఆగిపోతేనే పాట. వింటూ హాయిగా బట్టలు మడతపెట్టుకోగలిగే పాటంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మంట.

ఒకరోజు అమ్మ పప్పు మాడ్చేసింది. నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. ఇక రభసే అనుకున్నాను.

"రేడియోలో ఏం పాటొచ్చింది?" అన్నాడు మెల్లగా.