రాజమల్లు చెయ్యి

మహారాష్ట్రలోని కోర్పనా తాలూకాలో ఒక సిమెంటు ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా నాకది చివరి మార్చి. భద్రతా వారోత్సవాలకు నాటిక రాసే పని ప్లాంటు హెడ్ నాకు అప్పగించారు. నిజంగా జరిగిన కథే కావాలన్నారు.

తృటిలో తప్పిన ప్రమాదాన్ని మేము 'నియర్ మిస్' అంటాం. చూసినవాళ్లు పేరు లేకుండా చీటీ రాసి పెట్టెలో వేస్తే, మేము లోపం సరిచేస్తాం. ఫిట్టర్ రాజమల్లు మాత్రం తన తప్పు తానే రాసి, కింద సంతకం కూడా పెట్టాడు. కన్వేయర్ బెల్టు రిపేరుకు దిగేముందు స్విచ్చికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ఆ రోజు మరిచిపోయాడు. బెల్టు కదిలి చొక్కా చిరిగింది. అంతే.

అంతే అయితే నాటకం ఎలా అవుతుంది? నాకు పూనకం వచ్చింది. నాటికలో అతని చెయ్యి తీసేశాను. భార్య చేత రెండు పేజీలు ఏడిపించాను. తెలుగు చదవడం రాని నటుల కోసం తెలుగు డైలాగులనే దేవనాగరి లిపిలో రాయించాను. పేరు మార్చాను కానీ, అది ఎవరి కథో ప్లాంటంతటికీ తెలుసు. రిహార్సల్లో ఫోర్‌మన్ కళ్లు తుడుచుకుంటే ఎంత గర్వపడ్డానో!

మర్నాడు రాజమల్లు నా ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, నా చెయ్యి మంచిగనే ఉన్నది గద. మీరెందుకు తీసేసిండ్రు?"

జనానికి భయం పుట్టాలి కదయ్యా అన్నాను.

"పుడ్తది సార్. చీటీ రాయాలంటే భయం పుడ్తది. ఇంకెవ్వడు రాయడు, నేను గూడ రాయ."

నాకు సిగ్గేసింది. ఆ పెట్టెలో చీటీలు పడేలా చేయడానికి నాకు ఏళ్లు పట్టింది. ఒక్క నాటికతో దాన్ని ఖాళీ చేయబోయాను. సరే, ఆ రోజు చొక్కా చిరిగాక ఏం చేశావని అడిగాను.

"చాయ్ తాగనీకి పోయిన సార్. చేతులు వణికినయ్. కప్పు నోటిదాంక రాలే, అంత మీద పోసుకున్న."

తెగిన చెయ్యి, ఏడుపులు అన్నీ కొట్టేసి ఆ చాయ్ రాసుకున్నాను. వేషం తానే వేస్తానన్నాడు. స్టేజీ మీద చాయ్ ఒలికినప్పుడు జనం నవ్వారు. మూడోసారి కూడా కప్పు నోటికి చేరకపోయేసరికి హాలంతా నిశ్శబ్దమైంది. సంగతి అప్పుడే తెలిసిన అతని భార్య మాత్రం ముందు వరుసలోంచి గుర్రుగా చూస్తోంది. ఇంటి దగ్గర ఏమైందో నేను అడగలేదు.

సోమవారం పెట్టె తెరిస్తే చీటీలు బాగానే ఉన్నాయి. అన్నిటికన్నా పైన ఉన్నది మా నాటిక గురించే. మైకు వైరు స్టేజీ మెట్లకు అడ్డంగా పరిచారు, ముగ్గురికి కాలికి తట్టింది, బాధ్యుడు సేఫ్టీ ఆఫీసరు. కింద రాజమల్లు సంతకం.

నిజాన్ని నాటకంగా మార్చేటప్పుడు, ఆ నిజం చెప్పినవాడికి దెబ్బ తగలకూడదని నేర్చుకున్నాను. వైరు తీయించి, చీటీ మీద 'సరిచేయబడింది' అని రాసి నేనూ సంతకం పెట్టాను.