దొంగను పట్టించనన్న అత్తగారు

సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసినన్నాళ్ళూ ఆవిడను అందరూ చెకింగమ్మ అనేవారు. ఆవిడ రిటైరైంది గానీ ఆ పేరు రిటైరవలేదు. ఆవిడ బస్సెక్కి ఒక్క చూపు చూస్తే చాలు, టికెట్ లేనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే జేబులు తడుముకునేవారట. అయితే జరిమానా రాసేముందు పక్కన కూర్చుని "ఏమైంది, ఎందుకు తీసుకోలేదు?" అని అడిగేది. జవాబు పూర్తయ్యేసరికి ఆవిడ దిగాల్సిన స్టాపు దాటిపోయేది. పైవాళ్ళు ఎన్నిసార్లు చీవాట్లు పెట్టినా బుద్ధిగా తలూపి, మర్నాడు మళ్ళీ అదే పని చేసేది.

ఆవిడ కోడలు ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ ఆటలు తయారుచేస్తుంది. నెలల తరబడి కళ్ళు మండేలా ఒక చిన్న డిటెక్టివ్ ఆట మీద పనిచేసింది. ఆటంతా ఒక ఆఫీసు బల్ల దగ్గరే జరుగుతుంది. బల్ల మీద కంప్యూటరు, ఫోను, ఎండిపోయిన మొక్క, సగం తాగి వదిలేసిన కాఫీ. ఆఫీసుకు బహుమతిగా వచ్చిన వెండి షీల్డు మాయమైంది. సొరుగులు తెరిచి, కంప్యూటర్లో సందేశాలు చదివి, ఎవరు తీశారో ఆడేవాళ్ళు కనిపెట్టాలి.

ఆడి చూసి చెబుతానన్న స్నేహితురాలు జ్వరంతో పడుకుంది. కోడలికి ఇక అత్తగారే దిక్కయింది.

"అత్తయ్యా, కాసేపు కూర్చుంటారా? మీరు ఆడుతుంటే చూస్తాను. నేను మాత్రం నోరు విప్పకూడదు."

"నాకేం వచ్చమ్మాయ్ ఈ ఆటలు?" అంటూనే ఆవిడ కుర్చీ లాక్కుంది.

మొదట బల్ల సర్దడం మొదలుపెట్టింది. తెరిచిన ప్రతి సొరుగూ మూసింది. మొక్కకు నీళ్ళు పోద్దామని పదేపదే నొక్కింది. అది ఉలకలేదు, పలకలేదు. "పాపం, ఎండిపోతోంది" అని గొణిగింది. కోడలు పెదవి కొరుక్కుని కూర్చుంది.

మెల్లగా ఆవిడ చూపు పదునెక్కింది. సొరుగులో దొరికిన, బహుమతి అందుకున్నప్పటి ఫోటోలో చివర సగం తెగిపోయి నిలబడ్డ గళ్ళ చొక్కా గుమాస్తా దగ్గర ఆగింది.

"ఇతనే. పనంతా చేసింది ఇతను. షీల్డు మీద పేర్లు చెక్కించినప్పుడు ఇతన్నే మర్చిపోయారు. మనసు కష్టపెట్టుకుని తీసుకుపోయాడు."

కోడలికి ఎగిరి గంతేయాలనిపించింది. "కరెక్టు. ఇక ఆ ఎర్ర బటన్ నొక్కండి. దొంగను పట్టించినట్టే."

"నొక్కను."

"అదేంటత్తయ్యా?"

"ఒక్క మాటైనా అడగకుండా ఎలా పట్టిస్తాను? ఫోనుందిగా, చేస్తాను." నొక్కింది. ఏమీ జరగలేదు.

"అది ఊరికే బొమ్మండీ."

"మాట్లాడని ఫోను ఎందుకు పెట్టావు మరి?" అని ఆవిడ లేచి వెళ్ళిపోయింది.

కోడలికి ఒళ్ళు మండింది. సాయంత్రం ఇంటికొచ్చిన భర్తను కూర్చోబెట్టింది. అతను టీ చల్లారేలోపే బటన్ నొక్కేసి "బావుంది" అన్నాడు. భోజనాల దగ్గర ఆమె మాటవరసకు "ఇంతకీ దొంగ ఎందుకు తీశాడంటావ్?" అని అడిగింది.

"ఎవరు? ఆ గళ్ళ చొక్కా అతనా? ఎందుకో తీశాళ్ళే" అన్నాడతను, కూర వడ్డించుకుంటూ.

ఆమెకు గాలి తీసేసినట్టయింది. అత్తగారి వైపు చూసింది. ఆవిడ ఏమీ ఎరగనట్టు మంచినీళ్ళు తాగుతోంది.

మర్నాటి నుంచి వంటగదిలో కూరగాయలు తరుగుతూ ఇద్దరూ ఆ గుమాస్తా గురించే మాట్లాడుకున్నారు. పట్టుబడ్డవాళ్ళు మొదట ఏమంటారు, ఎక్కడ గొంతు తడబడుతుంది అని కోడలు అడిగేది. ఒకరోజు ఆవిడ ఒక పెద్దమనిషి సంగతి చెప్పింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో సంచీ. ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేక పొద్దున్నుంచీ టికెట్ లేకుండా బస్సులెక్కి దిగుతున్నాడు.

"వదిలేశారా?"

"జరిమానా రాశాను. రాయకపోతే ఎలా? తర్వాత ఆఖరి స్టాపు దాకా పక్కనే కూర్చున్నాను. ఇంట్లో ఎలా చెప్పాలో ఇద్దరం కలిసి ఆలోచించాం."

కోడలు చేతిలో కత్తి ఆగిపోయింది. పెళ్ళై వచ్చిన ఇన్నేళ్ళలో ఈ మనిషితో ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడలేదనుకుంది.

ఆటలో ఫోనుకు మాటలొచ్చాయి. గుమాస్తా కాసేపు బుకాయించి, తర్వాత ఒప్పుకుంటాడు. తన పేరు తానే చెక్కించుకుందామని తీసుకెళ్ళి, దుకాణం గుమ్మం దాకా వెళ్ళి సిగ్గేసి వెనక్కి వచ్చేశాడట. అతణ్ణి పట్టించకుండా, షీల్డు తెచ్చిపెట్టమని చెప్పి వదిలేసే దారి కూడా కోడలు ప్రత్యేకంగా పెట్టింది, అత్తగారి కోసమే.

చెకింగమ్మ మళ్ళీ కూర్చుంది. ఫోన్ చేసింది. అతను చెప్పిందంతా ఓపిగ్గా చదివింది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తర్వాత టక్కున ఎర్ర బటన్ నొక్కేసింది.

"అయ్యో, వదిలేయొచ్చు కదత్తయ్యా! మీ కోసమే కదా ఆ దారి పెట్టాను?"

"తప్పు తప్పే అమ్మాయ్. అడిగాను, విన్నాను. ఇక పట్టిస్తే నాకు బాధ లేదు."

కోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. ఎందుకు నవ్వుతోందో అర్థం కాకపోయినా అత్తగారూ నవ్వింది.

ఆట బయటికొచ్చాక ఆవిడను పట్టడం ఎవరి తరమూ కాలేదు. "మేము ఆట తయారుచేశాం" అని మెట్ల మీద కనబడిన ప్రతివాళ్ళకూ చెప్పింది. పై అంతస్తు పంతులమ్మ ముచ్చటపడి ఆడటానికొచ్చింది. కోడలు కుర్చీ వేసింది. పంతులమ్మ ఇంకా కూర్చోకముందే చెకింగమ్మ వెనక నుంచి వంగి, ఆ గళ్ళ చొక్కా అతన్ని వేలితో చూపించి, "ఇతనే తీశాడు గానీ చాలా మంచివాడండీ" అంది.